బక్కన్న పంక్చర్లు

సాయంత్రం ఆరు కావస్తోంది. సన్నగా జల్లు పడుతోంది. మధ్యాహ్నం తిన్నది ఎప్పుడో అరిగిపోయి కడుపు కాలుతోంది. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీ వదిలేశారు. సైకిలు తీసుకుందామని స్టాండు వెనక్కి వెళ్తే, బక్కన్న వంగి కూర్చుని తన వెనక టైరులోకి తీగ ముక్క గుచ్చుతున్నాడు.

బక్కన్న పెట్టెలకు తీగ కుట్లు వేసే మిషను మీద పని చేసేవాడు. పక్కనే నేను జిగురు పూసేవాణ్ణి. ఆ తీగ ముక్కలు ఆవరణంతా పడి టైర్లకు గుచ్చుకుంటాయని అందరూ తిట్టుకునేవాళ్ళు. అందరికంటే బక్కన్న సైకిలుకే ఎక్కువ గుచ్చుకునేవి. ఎందుకో ఆరోజు తెలిసింది.

"ఏంటన్నా ఇది?"

"చూస్తే చూశావులే. ఎక్కడా అనకు."

గేటు ఎదురుగా పంక్చర్ల తాత రేకుల కొట్టు. బక్కన్న సైకిలు తోసుకు రావడం చూసి తాత నవ్వాడు. "రావయ్యా రా. నీ ట్యూబుకున్నన్ని అతుకులు నా చొక్కాకి కూడా లేవు."

"నిదానంగా కానీ తాతా. తొందరేం లేదు."

బక్కన్న కొట్టు వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. బన్ను కొనుక్కుని నేనూ పక్కన చేరాను. సగం ఇస్తే వద్దన్నాడు.

"బండి పాడుచేసుకుని గోడ చూడ్డమేంటన్నా?"

"ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరురా."

బక్కన్నకు పెళ్ళి కాలేదు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే అక్క పెంచింది. అక్కాబావల ఇంట్లోనే మెట్ల కింద గదిలో ఉండేవాడు. బావది బట్టలుతికే షాపు. ఫ్యాక్టరీ నుంచి వెళ్ళగానే ఉతికిన దుప్పట్ల మూటలు లాడ్జీలకు చేర్చేది బక్కన్నే. తిరిగొచ్చాక తడి దుప్పట్లు మేడ మీద ఆరేసేదీ ఆయనే. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అక్క వేడివేడిగా వడ్డించేది. కాకపోతే బక్కన్న కూర్చున్నాడంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరికి ఏదో ఒక పని గుర్తొచ్చేది.

మూటలు ఆలస్యంగా వస్తున్నాయని లాడ్జీవాళ్ళు బావ మీద ఎగిరారు. బావ ఒక సెలవురోజు బక్కన్నను పెద్ద సైకిళ్ళ షాపుకి తీసుకెళ్ళాడు. బక్కన్న రమ్మంటే నేనూ వెళ్ళాను. ట్యూబు లేని టైర్లు వేయించాలన్నాడు బావ. పాత రిమ్ములు పనికిరావంటే కొత్తవి కొన్నాడు. మెకానిక్కు చువ్వల బెజ్జాలు కనపడకుండా రిమ్ము లోపల టేపు చుట్టాడు. టైరు ఎక్కించి, లోపల పాలలాంటి మందు పోసి, అంచులకు సబ్బునీళ్ళు రాసి, మిషనుతో గాలి కొట్టాడు. టైరు అంచు రిమ్ములో కూర్చుని టప్పుమంది. బక్కన్న ఉలిక్కిపడ్డాడు.

"చిన్నచిన్న మేకులు దిగినా ఆ మందే బెజ్జం మూసేస్తుంది" అన్నాడు మెకానిక్కు.

బావ బక్కన్న వీపు చరిచాడు. "విన్నావా బామ్మర్దీ? ఇక నీ బండికి జన్మలో జబ్బు రాదు. రోజూ వానలో తోసుకుంటూ వస్తుంటే మీ అక్క చూడలేకపోతోందిరా."

"ఇంత ఖర్చు ఎందుకు బావా" అని మాత్రం అన్నాడు బక్కన్న.

మర్నాడు స్టాండు వెనక తీగ గుచ్చి లాగాడు. బుస్సుమని తెల్లటి నురగ వచ్చింది. ఆగిపోయింది. ఇంకోచోట గుచ్చాడు. అదీ మూసుకుపోయింది. వేలికంటిన మందు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"పంక్చరైందని ఊరికే చెప్పేయన్నా."

"ఈ టైర్లకా? ఎవరు నమ్ముతారు?"

"పోనీ, కాసేపు కూర్చుని వస్తానని చెప్పు."

"ఇంట్లో కుర్చీల్లేవా అంటారు."

సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి రోజూ టైముకే ఇల్లు చేరేవాడు. "మావాడిప్పుడు రైలండీ" అని చెప్పుకుంటూ బావ ఇంకో రెండు లాడ్జీలు ఒప్పుకున్నాడు. బక్కన్నకు మాటలు తగ్గాయి. కుట్టేటప్పుడు వేలికి తీగ దిగినా చూసుకునేవాడు కాదు. "అన్నా, రక్తం" అని నేనంటే, ఎవరిదో అన్నట్టు చూసి తుడుచుకునేవాడు.

చలి మొదలయ్యాక ఒకరోజు పనికి రాలేదు. మధ్యాహ్నం అక్కాబావలు గేటు దగ్గరికొచ్చారు. పొద్దున్నే కొత్త లాడ్జీలకు మూటలిచ్చి రమ్మని పంపితే, మూటలన్నీ అప్పజెప్పి, సైకిలు లాడ్జీ ముందు తాళం వేసి, తాళంచెవి అక్కడే ఇచ్చేసి ఎటో వెళ్ళిపోయాడట. బట్టలు కూడా తీసుకెళ్ళలేదట.

"నీకేమైనా చెప్పాడా తమ్ముడూ?"

"లేదక్కా."

నిజంగానే చెప్పలేదు. ముందురోజు సాయంత్రం నా పక్కనుంచే వెళ్ళాడు, తల తిప్పలేదు.

"ఏం తక్కువ చేశామయ్యా వాడికి?" అన్నాడు బావ. "ఏం కావాలో నోరు తెరిచి అడిగితే కాదంటామా?"

"పని అయ్యాక కాసేపు ఊరికే కూర్చోవాలని ఉండేదక్కా అన్నకి" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. "కూర్చోవడానికా?" అంది. "కూర్చోవడానికి ఎవరైనా ఇల్లొదిలి పోతారా?"

బెల్లు కొట్టారు. నేను లోపలికెళ్ళాను.