బోర్డోళ్ల ఇల్లు

ఏ ఇల్లు చూడ్డానికి పోయినా మా అత్తమ్మ ఒకటే మాట అడిగేది. నీళ్లొస్తాయా అని కాదు, బస్‌స్టాప్ దగ్గరేనా అని కాదు. బ్రోకరు బెడ్‌రూములు చూపిస్తుంటే హాలు మధ్యలో నిలబడి, "రేపు నేను పోతే గిక్కడ పండవెట్టనిస్తరా?" అనేది. ఒక బ్రోకరైతే తాళాలు చేతిలో పట్టుకుని ఆవిడ వైపు చూడకుండా నా వైపు చూశాడు. పెద్దావిడకు ఏమన్నా తేడానా అన్నట్టు. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను.

తేడా ఏమీ లేదు. కొత్తపేటలో మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మకు ఇల్లంటే అదొక్కటే లెక్క.

అప్పట్లో పండ్ల మార్కెట్ ఇంకా అక్కడే ఉంది. ఆ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మామయ్య దవాఖానలో పోయాడు. అంబులెన్స్ సందులోకి వచ్చేసరికి ఓనర్ గేటు మూసి దాని ముందు నిలబడి ఉన్నాడు. చెడ్డమనిషి కాదు, పండగలకు మాకు అప్పాలు పంపేవాడు. "ఏమనుకోకుండ్రి. కిరాయోళ్లది శవం లోపలికి రానియ్యం. రేపు మల్ల ఎవ్వరు కిరాయికి దిగరు," అన్నాడు. ఈ ఊళ్లో కిరాయికి బతికే ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే ఇది. అగ్రిమెంట్‌లో ఎవరూ రాయరు, అందరూ పాటిస్తారు. మేమూ నోరెత్తలేదు. రోడ్డు మీదే షామియానా వేసి, బల్ల తెచ్చి, మామయ్యను దాని మీద పడుకోబెట్టాం. కాసేపటికి మార్కెట్‌కి పోయే పుచ్చకాయల లారీ వచ్చి హారన్ కొట్టడం మొదలుపెట్టింది. షామియానా తాళ్లు విప్పి, ఆయనతో సహా బల్లను గోడవారకు జరిపి, లారీ పోయాక మళ్లీ మధ్యకు జరిపాం. అత్తమ్మ ఏడుపు ఆపేసి, ఆ లారీ పోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఊళ్లో ఇల్లుంటే అక్కడికే తీసుకుపోయేవాళ్లం. నల్లగొండ పక్కన మా ఊళ్లో ఉన్న కాస్త వాటా ఎప్పుడో అమ్ముకునే హైదరాబాద్ వచ్చాం.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చుంటాను. ఇద్దరం చెప్పులరిగేలా తిరిగినా మా జీతాలకు అందింది ఒక్కటే. ఎల్‌బీ నగర్ దాటి వనస్థలిపురం పోయే దారిలో, ప్రభుత్వ బోర్డు ఒకటి ఎప్పుడో కట్టిన ఫ్లాట్లలో గ్రౌండ్ ఫ్లోర్‌ది. అత్తమ్మ మోకాళ్లకు మెట్లుండవు కదా అని సంబరపడ్డాను. మెలిక ఏంటంటే, ఫ్లాటు మాకు అమ్ముతారు, దాని కింద నేల మాత్రం అమ్మరు. నేల బోర్డుదే, మాకు తొంభై తొమ్మిదేళ్ల లీజు. అందులో కూడా మాకు ముందున్నవాళ్లు కొన్నేళ్లు వాడేశారు. మళ్లీ అమ్మాలన్నా, గోడ కొట్టి కిటికీ పెట్టుకోవాలన్నా బోర్డును అడగాలి. ఇంటి పన్ను మేం కట్టాలి, పైనుంచి కారే నీళ్లకు ప్లంబర్‌ను మేం పిలుచుకోవాలి. బ్యాంకువాళ్లు మాత్రం ఇవన్నీ చూసి కూడా లోన్ ఇచ్చారు. ఇంకేం, మనదే అనుకున్నాను.

గృహప్రవేశం రోజు మా అన్న వచ్చి ఆ సంబరం మీద నీళ్లు పోశాడు. హయత్‌నగర్ అవతల ప్లాట్లు అమ్మిపెట్టడం వాడి పని. నేల తప్ప వాడి కంటికి ఇంకేదీ ఆనదు. ఇల్లంతా తిరిగి చూసి, గోడ మీద వేలితో కొట్టి, "సొంతిల్లెట్లయితది చెల్లె? నేల నీది గాదాయె. తొంబై తొమ్మిదేండ్ల కిరాయి ఒక్కసారే కట్టినట్టు," అన్నాడు.

"తొంబై తొమ్మిదేండ్లకు నువ్వుంటవా, నేనుంటనా అన్నా?" అన్నాను.

"మనం లేకున్నా నేల ఉంటది గద," అన్నాడు పులిహోర నములుతూ.

స్టవ్ మీద పాలు ఇంకా పొంగనే లేదు. పక్కనే పీట మీద కూర్చున్న అత్తమ్మ చెవిన ఆ కిరాయి అన్న ముక్క పడింది. మోకాళ్లు పట్టుకుని లేచింది. "మీరు కానియ్యుండ్రి," అని బయటికి పోయి, గుమ్మం పక్కన చుట్టాల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పాలు నేనొక్కదాన్నే పొంగించాను. అన్న మీద నాకు వచ్చిన కోపానికి ఆ స్టవ్ అక్కర్లేకుండానే పొంగేవి.

ఆ రోజు మొదలు రెండేళ్లు అత్తమ్మ నా ప్రాణం తోడేసింది. అది మా ఇల్లు కాదు, "బోర్డోళ్ల ఇల్లు". ఊరి నుంచి ఫోనొస్తే, "ఆఁ, బోర్డోళ్లింట్లనే ఉంటున్నం," అనేది. కొత్తపేటలో ఓనర్ మేకు కొట్టనిచ్చేవాడు కాదు, అందుకని మామయ్య ఫొటో అక్కడ ఫ్రిజ్ మీద గోడకు ఆనించి ఉండేది. ఇక్కడ మొదటి ఆదివారమే నేను సుత్తి తీస్తే చేతిలోంచి లాక్కుంది. "గోడ బోర్డోళ్లది. వాళ్లొచ్చి సూస్తే ఏమంటరు?" అంది. బోర్డువాళ్లకు ఇంకేం పని లేదు, మా హాల్లో మేకులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతారు మరి. మామయ్య మళ్లీ ఫ్రిజ్ మీదే కూర్చున్నాడు. ఫ్రిజ్ తలుపు గట్టిగా వేస్తే పక్కకు ఒరిగేవాడు.

వాటన్నిటికీ ఓర్చుకున్నాను. ఒక రాత్రి అన్నం దగ్గర ఆవిడ అన్న మాటకు మాత్రం ఓర్చుకోలేకపోయాను. "నాకేమన్న అయితే దవాఖానకెల్లి సీదా కాటికే తీస్కపోండ్రి. గీడికి తేకుండ్రి. గేటు కాడ ఆపుతరు. రోడ్డు మీద మాత్రం నన్ను పండవెట్టకుండ్రి," అంది మా ఆయనతో. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచంలోనే కలుపుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. సొంతిల్లు కొన్నదే ఈ మనిషి కోసం.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి బోర్డు ఆఫీసుకు పోయాను. తేల్చుకుందామనే పోయాను. నా వంతు వచ్చేసరికి సీట్లో ఉన్నాయన టిఫిన్ బాక్స్ మూత తీస్తున్నాడు.

"సార్, మాది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు. అందులో..."

"షాపు వెట్టొద్దమ్మా. లీజుల ఉంది."

"షాపు కాదు సార్. మా అత్తమ్మ పోతే శవాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా?"

ఆయన మూత మళ్లీ పెట్టేశాడు. "ఎప్పుడు పోయింది?" అన్నాడు పాపం, మెల్లగా.

"పోలేదు సార్, బాగనే ఉంది. పొద్దున ఇడ్లీలో కారం తక్కువైందని నాతో కొట్లాడింది. రేపెప్పుడైనా పోతే అని."

పక్క సీటాయన కూడా పని ఆపి విన్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. చివరికి, "గిట్ల ఇప్పటిదాక ఎవ్వరు అడగలేదమ్మా. పెట్టుకోమని ఎక్కడ రాయలే, వద్దని గూడ రాయలే," అన్నాడు. అంతకంటే ఏం కావాలి? ఎల్‌బీ నగర్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగి అత్తమ్మకు ఇష్టమని జామకాయలు కూడా కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఆవిడ అంతా విని, జామకాయ మెత్తగా ఉందా లేదా అని నొక్కి చూస్తూ, "రాయలే అంటే వద్దన్నట్టే. కొత్తపేట ఓనర్ గూడ కాయితంల ఏం రాయలే గద," అంది.

  ఆ రోజు సాయంత్రమంతా గిన్నెలు మామూలుకన్నా గట్టిగా తోమాను.

ఆవిడ కష్టసుఖాలు చెప్పుకునేది ఒక్కరితోనే. మా పైన మూడో అంతస్తులో గుంటూరు వైపు నుంచి వచ్చిన ముసలి దంపతులు కిరాయికి ఉండేవారు. ఆయన రిటైరైన మాస్టారు. రైతు బజారుకు పోతే మాకూ కరివేపాకు తెచ్చిపెట్టేవారు. సాయంత్రాలు మాస్టారి భార్యా, అత్తమ్మా మా గుమ్మం ముందు కూర్చునేవారు. "మీకేమండీ వదినగారూ, సొంతిల్లు," అనేది ఆవిడ. "ఏడ సొంతం? మీరు గూడ కిరాయే, మేము గూడ కిరాయే," అనేది అత్తమ్మ. లోపల నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం గేటు దగ్గర అంబులెన్స్ ఆగింది. ఆ రోజు నాకు వారపు సెలవు, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. బయటికి పోయి చూస్తే, మాస్టారు. ముందురోజు గుండెనొప్పని దవాఖానకు తీసుకుపోయారు, పొద్దున పోయారట. ఆయన భార్య అంబులెన్స్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. లోపల ఆయన. ఎవరూ దించడం లేదు.

మాస్టారు వాళ్లుండే ఫ్లాటు ఓనర్ ఎక్కడో కూకట్‌పల్లిలో ఉంటాడు. పైకి తీసుకుపోవద్దని ఫోన్‌లో చెప్పాడట. మా అసోసియేషన్ ప్రెసిడెంట్ సెల్లు చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. పార్కింగ్ షెడ్డులో పెడదామని ఒకరంటే, బండ్లు ఎట్ల తీసుకోవాలని ఇంకొకరు. చివరికి గేటు బయట, రోడ్డు పక్కన షామియానా వేద్దామన్నారు.

"మా అమ్మాయి విజయవాడలో బయల్దేరిందండీ. సాయంత్రానికల్లా వచ్చేస్తుంది. అందాకా ఎక్కడన్నా కాస్త నీడన పెట్టుకోనివ్వండి. ఎండలో వద్దండీ," అంటోంది ఆవిడ. ఒకరితో కాదు, అక్కడున్న ప్రతి మనిషితోనూ అంటోంది.

నా వెనక చెప్పుల చప్పుడైంది. అత్తమ్మ గోడ పట్టుకుంటూ నడిచి వస్తోంది. అంబులెన్స్ దగ్గరికి పోయి లోపలికి తొంగి చూసింది. తర్వాత గేటు బయట, షామియానా వేద్దామన్న చోటు వైపు చూసింది.

"మా ఇంట్లకు తీస్కరాండ్రి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.  అయినవాళ్లు కాదు, కులం వాళ్లు కాదు. పరాయి శవాన్ని ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లు ఎవరుంటారు? కనీసం మా ఆయనకు ఫోన్ చేసి ఒక మాట అడుగుదామనుకున్నాను.

ప్రెసిడెంట్ దగ్గరికొచ్చి, "అమ్మా, మీదిగూడ బోర్డు ఇల్లే. గిట్ల పెడ్తమంటే బోర్డు రూల్స్ ఒప్పుకోవు," అన్నాడు.

"మా కోడలు బోర్డు ఆఫీసుకు పోయి అడిగొచ్చింది. వద్దని ఎక్కడ రాయలే అన్నరు," అంది అత్తమ్మ.

 రాయలే అంటే వద్దన్నట్టే అని నా నోరు మూయించిన మనిషి, రెప్ప వేయకుండా అదే మాటను ప్రెసిడెంట్ మీదికి తిప్పింది. ఆయన నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను. ఇంకేం చేయను?

"అయినా ఎవ్వన్నో ఎందుకు అడగాలె? గిది మా సొంతిల్లు," అంది అత్తమ్మ. నా వైపు తిరిగి, "ఏం సూస్తున్నవ్? సోఫా జరుపు పో," అంది.

పోయి జరిపాను. హాలు మధ్యలో, రెండేళ్ల కింద తనను పండవెట్టనిస్తరా అని బ్రోకరును అడిగిన చోట, చాప వేయించింది. దక్షిణం వైపు తల పెట్టించి, తలాపున దీపం తనే ముట్టించింది. మాస్టారి భార్యను పక్కన కూర్చోబెట్టి ఫ్యాన్ ఎక్కువ చేయమంది. ఆవిడ అప్పటిదాకా ఏడవలేదు. ఫ్యాన్ గాలికి మాస్టారి తెల్లజుట్టు కదిలేసరికి ఏడవడం మొదలుపెట్టింది. అత్తమ్మ ఆవిడ వీపు మీద చెయ్యేసి, "ఏడువు వదినా. నిమ్మళంగ ఏడువు. ఇక్కడ ఎవ్వరు ఏమనరు," అంది. అప్పుడు నాకూ ఆగలేదు. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మామయ్య కోసమో, మాస్టారి కోసమో, ఈ మొండి మనిషి కోసమో నాకే తెలియదు.

కూతురు పొద్దు గూకకముందే వచ్చింది. తండ్రిని మా హాల్లోంచే తీసుకుపోయారు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన ఒక్క మాట అడగకుండా పాడెకు భుజం పట్టాడు. నేను ఇల్లంతా పసుపు నీళ్లతో కడిగాను. అత్తమ్మ కుర్చీలో కూర్చుని, "గా మూలకు నీళ్లు తగలనే లేదు," అని మూల మూలా చూపించి కడిగించింది.

మర్నాడు పొద్దున నేను టీ పెడుతున్నాను. పాలకోసం ఫ్రిజ్ తెరిచి మూస్తే మామయ్య ఎప్పట్లాగే పక్కకు ఒరిగాడు. అత్తమ్మ చూసింది.

"మామను ఇంకెన్నాళ్లు ఫ్రిజ్ మీద కూసోవెడ్తవే? సొంతింట్ల ఒక మేకు కొట్టుకునే తెలివి లేదా నీకు?" అంది.

నా చేతిలోంచి సుత్తి లాక్కున్నది ఎవరో అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఈ మనిషితో ఇక నావల్ల కాదు. స్టవ్ ఆపి, సుత్తి ఎక్కడ పెట్టానో వెతకడానికి పోయాను.