కూర్చున్న మనిషి ఎత్తు

మొన్న వాన వెలిసిన పొద్దున పెరటి షెడ్డు తలుపు తీయగానే టేకు పొట్టు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు మస్తాన్ గారు గుర్తుకు రాకుండా ఉండరు. ఆటోనగర్‌లో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో ఆయన పెద్ద వడ్రంగి, నేను కొత్తగా చేరిన డిజైనర్‌ని. నా డ్రాయింగును అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ బాగుందండీ అమ్మాయిగారూ. దీని మీద మనిషి కూడా కూర్చోవాలా?" అని అడిగేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

మూడేళ్లకు ఆ వర్క్‌షాపు మూతపడింది. నాకు వేరే ఉద్యోగం దొరికింది కానీ, అరవై దాటిన ఆయనకు పని ఇచ్చేవాళ్లు లేకపోయారు. "పనిముట్లు అమ్మేసి కూతురి దగ్గరికి పోతానండీ," అన్నారు. ఆ మాట అన్న తీరు చూసి ఊరుకోలేకపోయాను. భవానీపురంలో మా ఇంటి వెనక ఖాళీ ఉంది, అక్కడ చెక్కతో షెడ్డు వేద్దాం, మీరు అందులో పనిచేసుకోండి అన్నాను. కప్పు డిజైన్ నాదేనని గొప్పగా ప్రకటించాను కూడా.

చిక్కంతా ప్రహరీ అవతల ఉంది. పక్కింటి మరియమ్మ టీచర్ గారు మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని మనిషి. ఆవిడ గదికున్న ఒకే ఒక్క కిటికీ మా ప్రహరీకి కాస్త పైన, మా పెరటివైపే తెరుచుకుంటుంది. నేను గీసిన ఎనిమిది అడుగుల ఎత్తు కప్పు సరిగ్గా దానికి అడ్డం. "వేసుకోమ్మా, కాదనను. నాకొచ్చే కాస్త గాలీ పోకుండా చూడు," అన్నారావిడ. కప్పు దించితే లోపల తల తగులుతుంది, దించకపోతే ఆవిడకు ఊపిరాడదు. వారం రోజులు గీశాను, చెరిపాను. చివరికి నేలను రెండడుగులు తవ్వేద్దామన్నాను.

"కృష్ణా నది పక్కన ఉండి గొయ్యి తవ్వుతారా? నాకు ఈత రాదండీ," అన్నారు మస్తాన్ గారు. తర్వాత ప్రహరీ పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చున్నారు. పాదాల మధ్య చెక్కముక్క బిగించి, చెక్కను చెక్కే బాడిస పైకెత్తి, "ఇప్పుడు కొలవండి," అన్నారు. నేల నుంచి బాడిస కొసకు నాలుగున్నర అడుగులు.

"నలభై ఏళ్లుగా కూర్చునే చేస్తున్నా. మీరేమో నన్ను నిలబెట్టి గీశారు."

సిగ్గుతో చచ్చిపోయాను. మూడేళ్లు ఆయన నేల మీద కూర్చుని చెక్కడం రోజూ చూశాను. చూసిందేదీ కాగితం మీదికి రాలేదు.

కప్పు ఎత్తు ఆయన కూర్చునే ప్రహరీ వైపు ఐదున్నర అడుగులు, పలకలు నిలబెట్టే ఇవతలి వైపు ఏడు అడుగులు పెట్టాం. వాలు ప్రహరీ వైపుకు కాబట్టి నీళ్లు టీచర్ గారి గోడకు కొడతాయేమోనని నాకు భయం. ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి కప్పు అంచుకు బిగించి, కొబ్బరిచెట్టు పాదులోకి తిప్పారాయన.

మొదటి వానకు ఆఫీసు మానేసి గొడుగేసుకుని నిలబడ్డాను. నీళ్లు బుద్ధిగా చెట్టు పాదులోకే పోయాయి. పైన కిటికీ తెరిచే ఉంది.

"మస్తాన్ గారూ, తడుస్తున్నారా?"

"లేదండీ టీచర్ గారూ! మీకు గాలొస్తోందా?"

"వస్తోందయ్యా, జల్లుతో సహా!"

అమ్మయ్య అనుకున్నాను. గొడుగు కిందే ఏడ్చేశాను కూడా. మస్తాన్ గారు పనిముట్లు అమ్మలేదు. చివరిదాకా ఆ కప్పు కిందే పనిచేశారు.

ఇప్పుడు ఎవరికి ఏం గీయాలన్నా ముందు టేపు తీయను. మీరు పనిచేసేటప్పుడు ఎలా ఉంటారో చూపించండి అంటాను. నిన్న ఒకావిడ కొత్త వంటగది గురించి చెబుతూ చెబుతూ, కాస్త మొహమాటపడి, కత్తిపీట ముందేసుకుని నేల మీద కూర్చున్నారు. నేనూ పక్కనే కూర్చుని, అక్కడి నుంచే కొలవడం మొదలుపెట్టాను.