ఎడమ చెప్పు కింద కాస్త ఎత్తు

మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో బయోమెకానిక్స్ స్పెషలైజేషన్ తీసుకున్నానని మా నాయనకు ఫోన్‌లో చెప్పాను. గూడూరు బజారులో ఆయనది చెప్పుల కొట్టు. తనే కుట్టి, తనే అమ్ముతాడు.

"మిషన్లు చదవతానని నెల్లూరు పోయి, మనుషుల ఎముకలు చదవతా ఉండావా?" అన్నాడు.

"ఎముకలూ మిషన్ల మాదిరే నాయనా. బరువు మోస్తాయి, అరగతాయి."

"సరే, నీకు నచ్చితే చదువు."

నచ్చడానికి కారణం ఉంది. చిన్నప్పుడు తొడ ఎముక విరిగి అతికాక నా ఎడమ కాలు కొంచెం పొట్టిదైంది. నడిస్తే ఒక పక్కకు ఒరుగుతాను. బళ్లో చదివే రోజుల్లో నాయన ఎడమ చెప్పు ఎత్తుగా కుడతానంటే, అందరూ చూస్తారని నేనే వద్దన్నాను.

మా ల్యాబ్‌లో నేలకు సమంగా ఒక పలక బిగించి ఉంటుంది. దాని మీద అడుగు వేస్తే బరువు ఎలా పడిందో కంప్యూటర్ తెర మీద గీతగా కనిపిస్తుంది. మొదటి క్లాసులో నా స్నేహితులు ఒక్కొక్కరే నడిచారు. అందరి గీతల్లోనూ రెండు మూపురాలు, ఎడమా కుడీ దాదాపు ఒకేలా. నాది ఎలా ఉంటుందో చూడకుండా ఉండలేకపోయాను.

"నేనూ నడుస్తాను మేడం" అన్నాను.

కుడి అడుగు గీత నిటారుగా లేచింది. ఎడమది చదునుగా వచ్చింది. మేడం నన్ను తెర దగ్గరికి పిలిచారు.

"ఎడమ కాలి పనిలో కొంత కుడి కాలు చేస్తోంది చూడు. సాయంత్రానికి నడుము నొప్పి పెడుతుందా?"

పెడుతుంది. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆమె అంత మామూలుగా అడిగేసరికి నాకు మనసు తేలికపడింది.

"ముందు డాక్టరుకు చూపించు. ఎడమ చెప్పు కింద ఎంత ఎత్తు వేసుకోవాలో ఆయన చెబుతారు. ఆ చెప్పు తయారు చేయడమే నీ ప్రాజెక్టు" అన్నారు.

డాక్టరు ఇచ్చిన కొలతతో ఆ ఆదివారం గూడూరు వెళ్లాను. నాయన మందపాటి రబ్బరు అతికించి ఇచ్చాడు. రైల్వే స్టేషన్ దాకా నడిచేసరికి పిక్క పట్టేసింది. చెప్పు బరువు, పైగా వంగదు. తర్వాతి వారం తేలికైన ఫోమ్ షీటు కొనుక్కెళ్లాను.

"ముందు పక్క వాలుగా చెక్కాల నాయనా."

"ఎందుకట్ట?"

"అడుగు లేచేటప్పుడు చెప్పు దొర్లాల. లేకుంటే చెక్క కట్టుకొని నడిచినట్టుంటాది."

ఆయన నా కాలు ఒళ్లో పెట్టుకుని, చెప్పు తొడిగి చూస్తూ, మళ్లీ తీసి కొంచెం కొంచెంగా చెక్కుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. భోజనానికి అమ్మ పిలిచినా ఇద్దరం లేవలేదు.

ల్యాబ్‌లో మళ్లీ నడిచాను. గీతలు రెండూ ఒకటి కాలేదు గానీ ఎడమదానికీ మూపురాలు వచ్చాయి. నడుము నొప్పి నెమ్మదిగా తగ్గింది.

ఇప్పుడు సెలవు దొరికితే కొట్లోనే ఉంటాను. మొన్న చిల్లకూరు నుంచి బట్టలు కుట్టే అక్క ఒకామె వచ్చింది. పోలియో వల్ల ఆమె కుడి కాలు పొట్టి. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు దగ్గర కొలత రాయించుకు రమ్మన్నాం. ఈసారి జత సిద్ధంగా ఉంది. తొడుక్కుని కొట్టు ముందు అటూ ఇటూ నడిచింది. నేను ఆమె నడుము వైపే చూస్తున్నాను. ఒరగడం బాగా తగ్గింది.

"ఎట్టుంది అక్కా?" అని అడిగాను.

ఆమె కాళ్ల వంక చూసుకుని నాయన వైపు తిరిగింది.

"బాగుండాయి. ఇవే ఎర్ర రంగులో ఇంకో జత కుడతావా అన్నా?"

నాయన తోలు ముక్కలు తీసి ఆమె ముందు పరిచాడు.