అరుగు మీది చదువు

పామర్రు లైబ్రరీకి తాళం పడ్డాక శౌరయ్యకు అన్నం సయించలేదు. రైసు మిల్లులో బస్తాలు మోసిన మనిషి, ముప్పై ఏళ్లు దాటాక ఆ గదిలోనే రాత్రిబడిలో అక్షరాలు దిద్దాడు. అది మూతపడితే రేపు తనలాంటివాళ్లు ఎక్కడికి పోతారన్నదే ఆయన దిగులు. లైబ్రేరియన్ రిటైరయ్యాడు, కొత్తవాణ్ణి వెయ్యలేదు, అంతే. డెబ్బై నాలుగు నాటి సంగతి ఇది.

శౌరయ్య, దర్జీ సైదావలి మరికొందరిని కూడగట్టుకుని బందరులోని జిల్లా లైబ్రరీల ఆఫీసు చుట్టూ తిరిగారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"మనూళ్లో చదువు కావాలనేవాళ్లు లేరనుకుంటున్నారు సాయిబూ. ఉన్నారని చూపిద్దాం," అన్నాడు శౌరయ్య.

ఆ సాయంత్రం నుంచే, మూసిన తలుపుల ముందు అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆయనది కంచు గొంతు. మొదట మణెమ్మ ఒక్కతే వచ్చింది, అక్షరం ముక్క రాని ముసలిది. తర్వాత కూలీలు, రిక్షావాళ్లు, కూరలమ్మేవాళ్లు. వానలు పడేనాటికి అరుగు చాలక రోడ్డు మీద నిలబడి వింటున్నారు. ఇంత జనాన్ని చూశాక ఏ ఆఫీసరు మాత్రం తాళం తియ్యకుండా ఉంటాడని మురిసిపోయాడు శౌరయ్య. చూపిస్తే కరిగిపోతారనుకోవడం మంచివాళ్లకుండే జబ్బు.

ఆఫీసరు రానే వచ్చాడు. జీపు దిగి కాసేపు విని, చప్పట్లు కూడా కొట్టాడు.

"భలే నడుపుతున్నారండీ! గది లేకపోయినా మీకేం లోటు లేదే."

"లోటు లేకపోవడమేంటండీ?" శౌరయ్య కంగారుపడ్డాడు. "లోపల పుస్తకాలు చెదలు తింటన్నాయి. పేపరంటే నేను చదువుతా. వీళ్లకి అక్షరాలెవరు నేర్పుతారండీ?"

"చూద్దాం లెండి," అని జీపెక్కాడు ఆయన.

మరుసటి నెల ఆ గదిని ఎరువుల గోడౌనుకిచ్చేశారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. శౌరయ్య కోపంతో చదవడం మానేశాడు. లోటు తెలిస్తే జనమే తిరగబడతారని ఆయన ఆశ. జనం రెండ్రోజులు ఎదురుచూసి, సెంటర్లో కాఫీ హోటలు రేడియో దగ్గరికి చేరారు. ఎవరి మీద అరవాలో తెలియక ఆయన సైదావలి మీద అరిచాడు.

పుస్తకాలు లారీలో వెళ్లిపోయాయి. అరుగు నిండా యూరియా బస్తాలు దిగాయి. ఆ సాయంత్రం మణెమ్మ వచ్చి, కూర్చునే చోటు లేక, శౌరయ్య పక్కన నిలబడింది.

"నువ్వు మరీ అంత బాగా చదవకుండా ఉండాల్సిందయ్యా," అంది. "కాస్త తడబడుంటే, పాపం వీళ్లకి గది కావాలనుకునేవోడేమో ఆ దొర."

అందులో ఎగతాళి లేదు. ఆవిడ నిజంగానే బాధపడుతోంది. శౌరయ్య తట్టుకోలేక, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన నలుగురిలో గొంతెత్తి చదవలేదు. చర్చిలో ఆదివారం బైబిలు పఠనానికి ఫాదరుగారు పిలిచినప్పుడు, కళ్లు ఆనడం లేదని దేవుడి పీఠం ముందే అబద్ధమాడాడు.