పొడి ఊక

కంది అనే ఊరి దగ్గర పొలం చివర బ్రాయిలర్ కోళ్ల షెడ్డు నడిపే మాణెమ్మ పొద్దున లేవగానే ముందు కోడిపిల్లల రెట్టలు చూస్తుంది, తర్వాతే ముఖం కడుక్కుంటుంది. చీర పైకి దోపి, గొంతుక్కూర్చుని, కింద పరిచిన ఊకను గుప్పిట్లో పిసికి వాసన చూస్తుంది. ఆ వానాకాలం పిల్లలకు పారుడు రోగం పట్టుకుంది. రెట్టల్లో అరగని మక్కనూక కనబడేది, ఊక ముద్దయ్యేది, పిల్లలు రెక్కలు వేలాడేసి మూలల్లో చచ్చిపడేవి. మాణెమ్మకు అన్నం సయించలేదు. పశువుల డాక్టరు వచ్చి, దాణాలో చేపపొడి తగ్గించి, పేగులకు మేలుచేసే పొడి ఒకటి కలపమన్నాడు. ఆమె ఎవరినీ ముట్టనివ్వకుండా చేతులు మోచేతుల దాకా దాణాలో పెట్టి తానే కలిపింది.

ఒక ఉదయం రెట్టలు కలిసిన ఊక వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలింది. మాణెమ్మ ఆ గుప్పెడుతోనే రోడ్డు మీదికి ఉరికి, గడ్డపోతారంలో పనికి పోయే కంపెనీ బస్సు ఎక్కబోతున్న భర్త మొగులయ్య ముక్కు కింద పెట్టింది.

“జెర సూడయ్యా, రెట్ట ఎంత గట్టిగున్నదో.”

“పొద్దుగాల్నే గిదేందే, అందరు సూస్తున్రు.”

“సూడనియ్యి. పిల్లలు బతికినయి,” అంటూ కిటికీల్లోని వాళ్లందరికీ చెయ్యెత్తి చూపించింది. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్కనే కూలబడింది. మొగులయ్య టిఫిన్ డబ్బా ఆమె ఒళ్లో పెట్టి, బస్సును పొమ్మని చెయ్యూపి, పిల్లలను చూసేందుకు షెడ్డు వైపు పరుగు తీశాడు.