రెడ్డిగూడెం తోటలో అడగాలనుకున్న మాట

మా వారు పోయిన సంగతి నాకు మొదట చెప్పింది మామిడికాయల లారీ డ్రైవరు. తెనాలిలో మా పండ్ల కొట్టు ముందు ఎప్పటిలాగే లారీ ఆపాడు, ఎప్పటిలా హారను మాత్రం కొట్టలేదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "తోటలోనే పోయారమ్మా. లోడు కోసం నేను వెళ్ళేసరికే అయిపోయింది. వెనక కారులో తీసుకొస్తున్నారు," అన్నాడు. పక్కన ఎవరున్నారని అడిగాను. అతనికి తెలియదు.

కారులో వచ్చినవాళ్ళు నూజివీడు వ్యాపారులు. వాళ్ళూ తర్వాత చేరినవాళ్ళే. "గుండె ఆగిపోయింది, బాధ పడకుండా పోయాడు, అదృష్టవంతుడు," అన్నారందరూ. కానీ ఆ మిట్టమధ్యాహ్నం ఆయన గొంతులో నీళ్ళు పోసేవాళ్ళు ఉన్నారా, చెవిలో దేవుడి పేరు చెప్పేవాళ్ళు ఉన్నారా అన్నది రెండేళ్ళు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మాకు పిల్లలు లేరు. మరిది ఇంట్లోనే ఉండేదాన్ని. వాళ్ళు నన్ను ఏనాడూ తక్కువగా చూడలేదు, ఆ మేలు మరువను. అయినా వాళ్ళ దగ్గర మళ్ళీ మళ్ళీ అదే మాట ఎలా ఎత్తను? ఇంటినిండా మనుషులుండగానే మాట్లాడే దిక్కు లేకుండా బతకడం అలవాటు చేసుకున్నాను.

ఇది ఎనభైల్లో మాట. ఆ వేసవిలో చిన్నతిరుపతి మొక్కు ఉందని చెప్పి ఒక్కదాన్నే బయల్దేరాను. మొక్కు నిజమే. తిరుగుదారిలో నూజివీడులో దిగుతానన్నది మాత్రం చెప్పలేదు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు, మా నాన్న ఇంట్లో పలక ముందు పెట్టి నేర్పిన అక్షరాలే. వాటితోనే బస్సు బోర్డులు చదువుకుంటూ, నాన్నకు మనసులో దణ్ణం పెట్టుకుంటూ, నూజివీడులో బస్సు మారి రెడ్డిగూడెం చేరాను. మా వారు ఏటా కాపు కొనే తోట ఎక్కడో కొట్టులో మాటల్లో విని ఉన్నాను. అక్కడికి వెళ్ళేసరికి నాలుగున్నరైంది.

పాక కింద పదిమంది ఆడవాళ్ళు కాయలు చెక్కపెట్టెల్లో సర్దుతున్నారు.

"కాయలకొచ్చారా అమ్మగారూ? పచ్చడికా, పండుకా?" అని ఎవరో అడిగారు.

"ఊరికే, చూద్దామని," అన్నాను. అడగాల్సింది గొంతులోనే ఉండిపోయింది. ఎవరూ లేరమ్మా అంటే, ఆ మాట మోసుకుని మళ్ళీ ఒక్కదాన్నే బస్సెక్కాలి కదా.

వాళ్ళలో ఒకావిడ నుదుట బొట్టు లేదు. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. నాలాంటిదే అనుకుని వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. "మీ ఆయన పోయి ఎన్నేళ్ళయిందక్కా?" అని మెల్లగా అడిగాను.

ఆమె చేతిలో కాయ కింద పెట్టేసింది. "మా ఆయనా? ఎక్కడికి పోయాడు? పొద్దున చారులో ఉప్పెక్కువైందని నన్ను తిట్టి, అదిగో, ఆ చెట్టెక్కి కాయలు కోస్తన్నాడు!"

పాకంతా గొల్లుమంది. "ఏవయ్యో! ఈ అమ్మగారు నిన్ను చంపేసింది, దిగి రా!" అని ఒకామె కేకేసింది.

"చచ్చినోడికి టీ ఇస్తారా, ఇవ్వరా?" అని చెట్టు మీంచి జవాబొచ్చింది.

ఆ ఆలుమగలు చర్చికి వెళ్ళేవాళ్ళు. మా ఇళ్ళల్లో నుదురు ఖాళీగా ఉంటే దానికి ఒక్కటే అర్థం. వాళ్ళలో అలా కాదన్నది నాకు తోచనే లేదు. సిగ్గుతో కుంచించుకుపోయాను. ఆమె నా భుజం పట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆ నవ్వులో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

"ఊరికే కూచుంటావేంటి, ఓ చెయ్యి వెయ్యి," అంది. అడుగున గడ్డి పరిచి, సొన కాయ మీదికి కారకుండా తొడిమ కిందికి ఉండేట్టు పేర్చాలని చూపించింది. తెనాలిలో ఇలాంటి పెట్టెలు ఎన్ని విప్పానో. ఆ గడ్డి ఎవరు పరిచారోనని ఒక్కనాడూ అనుకోలేదు.

"మా కొట్టుకొచ్చే పెట్టెల్లో అడుగు వరస ఎప్పుడూ నలిగే ఉండేది," అన్నాను.

"లారీవాడు గోతుల్లో ఎగరేస్తే మేమేం చేస్తాం? ముందు నువ్వు పేర్చింది చూడు, తిరనాళ్ళలో జనంలా ఉంది!"

టీ వచ్చింది. ఆమె ఒక రసం పండు మెత్తగా పిసికి, తొడిమ తీసి నా చేతికిచ్చింది. మామిడిపండు తిననని, కాశీలో వదిలేశానని చెప్పాను. వదలడమేంటని ఆమె వింతగా చూసింది. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి అక్కడ వదిలి రావాలన్నాను. అవతల కూర్చున్న మా మతం అమ్మాయి పకపకా నవ్వింది. "మా అత్తగారూ వదిలిందండీ, కాకరకాయ! అంతకుముందు ఒక్కనాడూ తిన్నది కాదు!"

"చూశావా, తెలివంటే అదీ!" అంది ఆమె. నవ్వులు సద్దుమణిగాక నావైపు తిరిగింది. "అది సరే. మామిడే ఎందుకొదిలావు?"

ఇక దాటెయ్యలేకపోయాను. "మా ఆయన ఈ తోటలోనే పోయారక్కా. రెండేళ్ళైంది. అప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారో లేదో అడుగుదామని వచ్చాను."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తెనాలి షావుకారు గారు," అంది. "నేనున్నానమ్మా."

అందరూ అన్నాలకు వెళ్ళిన వేళట. మా వారు కాపు చూసుకుంటూ వచ్చి చెట్టు కింద కూలబడ్డారట. ఆమె కేకేస్తే వాళ్ళాయన డాక్టరు కోసం పరిగెత్తాడట. "తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పట్టాను. చల్లగా ఉన్నాయమ్మా అన్నారు. అదే ఆఖరి మాట. విబూది రేఖలు చూసి 'శివా శివా' అని చెవిలో అన్నాను. మీవాళ్ళకి ఏం చెప్పాలో నాకేం తెలుసు? రాముడనాలేమో, తప్పు చెప్పానేమోనని అప్పట్నించీ మనసు పీకుతానే ఉంది. ఆ తర్వాత మా ప్రార్థన కూడా చేశాను. ఏమీ అనుకోకు."

"సరిగ్గానే చెప్పావక్కా," అన్నాను. ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకోబోతే, "వద్దు, జిగురు," అని లాక్కుంది. లాక్కుని, ఆ జిగురు చేత్తోనే నా తల నిమిరింది.

ఏడింటి బస్సుకి అందరూ రోడ్డు దాకా వచ్చారు. ఆపడేమోనని బస్సుకి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళాయన కూడా వచ్చి, "బతికే ఉన్నానమ్మా, బాగా చూసి పొండి," అన్నాడు. మలుపు తిరిగేదాకా వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి. నూజివీడులో మావాళ్ళ సత్రంలో గది ఇచ్చారు. ఆ సాయంత్రం గురించి ఎవరికన్నా చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. నేను చెబితే ఆసాంతం వినే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన గురించే ఇదంతా.

మరుసటి వేసవిలో ఆ తోటకు ఉత్తరం రాశాను. తోట చేతులు మారిందని, పాత కూలీలు ఎటు వెళ్ళారో తెలియదని ఎవరో జవాబు రాశారు. ఆమెను మళ్ళీ చూడలేదు. ఒంటరితనం పోయిందని అనను, అది ఇప్పటికీ నా కంచం పక్కనే కూర్చుంటుంది. కానీ పూజలో కళ్ళు మూసుకుంటే ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ రాలేదు. అందుకు ఆ దేవుడికీ ఆమెకూ నేను రుణపడే ఉంటాను.

ఆమె ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఇది చదివినవారు ఏ దేవుడి ముందు కూర్చున్నా సరే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పట్టిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.