ఒక మగ, తొమ్మిది ఆడ

మా కోటలోని దర్బారు హాలును కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి అద్దెకిచ్చిన ఏడాదే నేను డిగ్రీ పూర్తి చేశాను. గోడ మీద మా ముత్తాతగారి తైలవర్ణ చిత్రం, దాని కింద వరసగా పన్నెండు కంప్యూటర్లు, వాటి ముందు చెప్పులు విప్పి కూర్చున్న కుర్రకారు. యజమాని బిడ్డనని నాకు ఫీజులో రాయితీ ఇస్తామంటే నేను ఒప్పుకోలేదు. పూర్తి ఫీజు కట్టి, మా తాతలు నజరానాలు అందుకున్న చోట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నాను.

రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాములన్నీ సరిచేయకపోతే ప్రపంచం ఆగిపోతుందని అందరూ కంగారు పడుతున్న రోజులవి. ఆ కంగారు పుణ్యమా అని నేను సిడ్నీలో దిగాను. ఒక బీమా కంపెనీలో నాకు ఉద్యోగం. సంవత్సరానికి రెండంకెల గడి ఉన్నచోటల్లా నాలుగంకెలు పట్టే గడి పెట్టడమే పని. ఆ గడి ఇరుకైతే ప్రోగ్రాము నూరేళ్ల ముసలమ్మను తీసుకెళ్లి ఉయ్యాలలో పడుకోబెట్టేది.

సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లో రెండు గదుల ఫ్లాట్. నాతోపాటు కర్నూలు నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సు. మొదటి ఆరు నెలలూ నేను ఆమెను "మీరు" అనేదాన్ని. ఆమె మొదటి రోజు నుంచే నన్ను "దొరసానీ" అంది. తప్పు నాదే. వంటిల్లు చూసి, మా గుర్రపుశాల దీనికంటే పెద్దదని అన్నాను. అయితే అక్కడ గుర్రాలే అంట్లు తోముకునేవా అని అడిగి, ఫ్రిజ్ మీద వంతుల కాగితం అతికించింది. అందులో సోమ, బుధ, శుక్రవారాలు నావి.

ఆ రోజుల్లోనే మా మేనత్త వంశ చరిత్ర అచ్చు వేయించడం మొదలుపెట్టారు. ఆవిడ వేరే సంస్థానానికి కోడలిగా వెళ్లి నలభై ఏళ్లయినా పుట్టింటి పెత్తనం వదల్లేదు. సంవత్సరం మారగానే అచ్చు యంత్రాలన్నీ ఆగిపోతాయని, ఈలోగానే పుస్తకం బయటికి రావాలని పట్టుబట్టారు. అలాంటిదేమీ జరగదని నేను చెప్పబోతే, నీకేం తెలుసని కొట్టిపారేశారు. ఆ విషయం తెలుసనే నాకు జీతం ఇస్తున్న కంపెనీ ఆ మాట వినలేదు, అంతే చాలు.

పుస్తకానికి ఆధారం మా ఇంట్లో ఉన్న వంశవృక్షం. గుడ్డ మీద సిరాతో రాసినది, ఏడు తరాలది. ప్రతి కొమ్మ చివరా ఒక మగవాడి పేరు. ఆడపిల్లలను రాసే ఆచారం మాకు లేదు. వాళ్లు ఇంకో ఇంటికి వెళ్తారు కనుక ఆ ఇంటివాళ్లు రాసుకుంటారని లెక్క. ఆ గుడ్డ మీద మా ముత్తాతగారి తమ్ముడి పేరు పక్కన రెండే మాటలున్నాయి: "ఆస్ట్రేలియా. నిస్సంతు." అంటే సముద్రం దాటాడు, పిల్లలు లేరు, ఇక ఆయన గురించి చదవక్కర్లేదని.

మేం ఆయన్ని గుర్రాల తాత అంటాం. సంస్థానానికి మేలుజాతి గుర్రాలు కొనడానికి మద్రాసు రేవులో ఓడెక్కాడని, ఆ దేశం నచ్చి వెయ్యి ఎకరాల గుర్రాల ఎస్టేటు కొని అక్కడే ఉండిపోయాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. బ్రహ్మచారిగానే పోయాడట. ఆయన పంపిన ఉత్తరాలేవీ మిగల్లేదు. ఒక కవరు మాత్రం అత్తయ్య బీరువాలో ఉంది. దాని మీద సిడ్నీ ఉన్న రాష్ట్రానికే పడమటి కొసన ఉన్న చిన్న ఊరి పేరు.

"ఆ దేశంలోనే ఉన్నావు కదా. ఎస్టేటు సంగతి రుజువుతో సహా కనుక్కో. నీకు అరపేజీ ఇస్తున్నాను" అని అత్తయ్య ఫోన్లో ఆజ్ఞాపించారు. అరపేజీ అంటే మాటలు కాదు. మా తాతగారికే ముప్పావు పేజీ ఇచ్చారు.

శనివారాలు నగరంలోని పెద్ద గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను. ఈ దేశంలో పాత జనాభా లెక్కల కాగితాలను చాలావరకు లెక్క తేలాక నాశనం చేసేశారట. గుర్రాల తాత కాలం నాటివి మాత్రం, గుమాస్తాలు ఇంటింటికీ తిరుగుతూ రాసుకున్న పుస్తకాలు కొన్ని మిగిలాయి. వాటిని ఫిల్ము చుట్టలుగా ఉంచారు. యంత్రానికి తగిలించి చేత్తో తిప్పుతూ చదవాలి. మనిషికో వరస ఉంటుందనుకున్నాను. కాదు, ఇంటికో వరస. ఇంటి యజమాని పేరు, చోటు, మగ ఎందరు, ఆడ ఎందరు. అంతే. భార్యలు, పిల్లలు, నౌకర్లు అందరూ కలిసి రెండు అంకెలు.

మొదటి శనివారమే ఆ ఊరి పుటల్లో మా ఇంటిపేరు కనబడింది. చేతిరాత చక్కగా ఉంది, సందేహానికి తావు లేదు. ఎదురుగా మగ ఒకటి, ఆడ తొమ్మిది.

నేను చలించలేదు. గుర్రాల తాత బ్రహ్మచారి, పైగా ఎస్టేటు యజమాని. ఆయన ఇంట్లో నౌకర్లూ రౌతులూ గుర్రాల కాపరులూ కలిపి మగవాళ్లే పాతికమందికి తక్కువ ఉండరు. కనుక ఇది ఆయన వెంట వచ్చిన నౌకరు ఇల్లు అయి ఉంటుంది. దొర మీద భక్తితో దొర ఇంటిపేరే పెట్టుకున్నాడు. నోటు పుస్తకంలో ఆ వరస రాసుకుని, పక్కన "నౌకరు" అని గుర్తు పెట్టుకున్నాను.

అత్తయ్యకు ఇది చాలా సహజంగా తోచింది. నౌకరు దొరికాడంటే దొర ఆ పక్కనే ఉంటాడు, ఇంకా వెతకమన్నారు.

నాలుగు శనివారాలు వెతికాను. ఆ ఊరి పుటల చివర ఒక ఇల్లు దొరికింది. మగ ఇరవై రెండు, ఆడ సున్న. బ్రహ్మచారి దివాణానికి తగిన అంకెలు. యజమాని పేరు మాత్రం ఇంగ్లీషు వాడిది. అది దివాను పేరై ఉంటుందని, దొర పేరు గుమాస్తాకు చెప్పేంత చనువు ఎవరికుంటుందని అత్తయ్యే సర్దిచెప్పారు. నేను అరపేజీ రాసేశాను. "ఇరువది ఇద్దరు పరివారముతో" అనే మాట నాకు బాగా నచ్చింది. ప్రెస్సువాళ్లు వచ్చే సోమవారం దాకా ఆగుతామన్నారు.

ఆ బుధవారం అంట్లు తోముతూ, వింటోంది కదా అని నోటికి వచ్చేసిన నా అరపేజీ మా నర్సమ్మకు అప్పజెప్పాను. ఆమె బల్ల దగ్గర కూర్చుని నా నోటు పుస్తకం తిరగేస్తోంది.

"ఈ ఇరవై రెండు మంది గొర్రెలకి ఉన్ని కత్తిరించేటోళ్లేమో. మా వార్డులో అట్లాంటి తాత ఒకాయన ఉండాడు. సీజన్లో ఒకే షెడ్డులో అంతమందీ పండుకునేటోళ్లంట" అంది.

నేను ఇంకో గిన్నె అందుకున్నాను.

"సరే, ఇది చెప్పు. ఒక మగ, తొమ్మిది ఆడ. దీని పక్కన నౌకరు అని ఎందుకు రాసినావు?"

మా తాతకు సంతానం లేదని, వంశవృక్షంలోనే రాసి ఉందని చెప్పాను.

"మా ఇంటికి సెన్సస్‌వాళ్లు వచ్చినప్పుడు ఇట్లనే ఉండె దొరసానీ. మా అబ్బాజాన్ ఒక్కడు. అమ్మీ, నాన్నమ్మ, మేం ఏడుగురం అక్కచెల్లెళ్లం. ఒక మగ, తొమ్మిది ఆడ. మా అబ్బాజాన్ నౌకరు కాదు, హెడ్మాస్టరు." మళ్లీ అడిగింది, "ఇంతకీ మీ గుడ్డ మీద నువ్వు ఉండావా?"

లేను. మా నాన్నగారికి నేను ఒక్కదాన్నే సంతానం. ఆయన పేరు దగ్గర ఆ కొమ్మ ఆగిపోయింది. ఆయన పక్కన కూడా "నిస్సంతు" అనే రాసి ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ పూట తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

శుక్రవారం సెలవు పెట్టి రైలెక్కాను. ఆమె కూడా వచ్చింది. దొరసాని పరువు పోయే దృశ్యం ప్రత్యక్షంగా చూడాలంది. రైలు దిగి బస్సెక్కి, ఆ ఊరు చేరేసరికి శనివారమైంది. ఒకే వీధి, విపరీతమైన ఈగలు. ఊరి మ్యూజియం ఆదివారం పొద్దున రెండు గంటలే తెరుస్తారు. అంటే సోమవారానికి ముందు మిగిలింది ఆ రెండు గంటలే.

మ్యూజియం చూసుకునే ముసలావిడకు మా ఇంటిపేరు చెప్పగానే తల ఊపి, లోపలి నుంచి పాత బడి రిజిస్టరు తెచ్చింది. ఒకదాని కింద ఒకటి ఎనిమిది పేర్లు. అన్నిటికీ మా ఇంటిపేరే. తండ్రి వృత్తి దగ్గర ప్రతిసారీ ఒకే మాట, ఊరూరా తిరిగి సరుకు అమ్మేవాడని. గుర్రపు బండిలో సూదులు, రిబ్బన్లు, గిన్నెలు, పరికిణీ గుడ్డలు పెట్టుకుని పొలాల్లోని ఇళ్లకు తిరిగేవాడట. ఆవిడ నాన్నమ్మ ఆయన దగ్గర రిబ్బన్లు కొనుక్కుందట. భార్య ఈ దేశపు మనిషే. నేను ఎస్టేటు సంగతి అడగలేదు. గుర్రాల సంగతి మాత్రం అడగకుండా ఉండలేకపోయాను.

గుర్రం ఉండేదట. ఒకటి. ఆయన బండి కట్టని రోజుల్లో ఎనిమిది మంది ఆడపిల్లలూ ముగ్గురు చొప్పున వంతులవారీగా దాని మీద బడికి వచ్చేవారట. ఆదివారం మాత్రం దానికి విశ్రాంతి.

"వంతుల కాగితం మీ వంశంలోనే ఉంది కదా" అని మా నర్సమ్మ తెలుగులో గొణిగింది.

నేను రిజిస్టరులో మూడో పేరు చూస్తున్నాను. మిగతావన్నీ ఇంగ్లీషు పేర్లు. అది కాదు. ఆ గుమాస్తాల దేశంలో, ఆ పిల్లను ఎవరు ఎలా పిలిచారో గానీ, ఆయన తన తల్లి పేరు పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. మా అత్తయ్య పేరు అదే. నా పేరూ అదే.

మ్యూజియం బయట టెలిఫోన్ డబ్బా ఉంది. ఫోన్ కార్డుతో అత్తయ్యకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న, ఆవిడ పూజ ముగించి ప్రెస్సువాళ్ల మీద కోపంగా ఉన్నారు. మా నర్సమ్మ తలుపు పట్టుకుని ఈగలు తోలుతోంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎస్టేటు లేదు, దివాను లేడు, నౌకరనుకున్నది మన దొరనే. సరుకు మోసి అమ్ముకున్నాడు. ఎనిమిది మంది ఆడపిల్లలు.

కార్డులో ఇన్ని నిమిషాలే మిగిలాయని ఫోన్లో రికార్డు గొంతు చెప్పింది.

"మరి నిస్సంతు అని ఎవరు రాశారే?" అన్నారు అత్తయ్య.

"మనవాళ్లే. కూతుళ్లు పుట్టారని ఆయన ఉత్తరం రాసి ఉంటాడు. మనవాళ్లు చదువుకుని, నిస్సంతు అని రాసుకున్నారు."

"పేర్లు చదువు."

చదివాను. ఆవిడ రాసుకుంటూ రెండు పేర్ల దగ్గర ఆగి, మళ్లీ చెప్పించుకున్నారు. మూడోది చదివాక మళ్లీ చెప్పమనలేదు.

"వీళ్లను రాస్తే నన్నూ రాయాలి" అన్నారు. "మా అక్కల్ని రాయాలి. నిన్ను రాయాలి. మా అత్తవారి పుస్తకంలో కూడా నేను లేనే అమ్మాయీ. కోడళ్లను రాసే ఆచారం వాళ్లకు లేదు."

"రాయండి అత్తయ్యా."

"గుడ్డ మీద చోటెక్కడుంది?"

నేను జవాబు చెప్పేలోగా కార్డు గొంతు ఒక్క నిమిషం అంది. అత్తయ్య దాని మీద అరిచినంత పని చేసి, గబగబా తీర్పు చెప్పారు. ఎనిమిది మంది పేర్లూ వేస్తారు. తిరుగు వర్తకం కూడా వేస్తారు, దొంగతనం కాదు కదా అన్నారు.

"గుర్రం మాత్రం ఒకటే అని రాయకు."

"ఒకటే ఉంది మరి."

"ఉందా, లేదా?"

"ఉంది."

"ఎన్ని అని నిన్నెవరడిగారు?"

అక్కడితో కార్డు అయిపోయింది.

పుస్తకం డిసెంబరులో వచ్చింది. జనవరి వచ్చినా కంప్యూటర్లేవీ ఆగలేదు. మధ్యలో మడతపెట్టిన పెద్ద కాగితం, దాని మీద వంశవృక్షం ఫోటో. గుడ్డ అంచున వేరే గుడ్డ కుట్టి ఉంది, జరీ తెలుస్తోంది. అత్తయ్య తన పట్టుచీర ఒకటి కత్తిరించి, నాలుగు వైపులా అతుకు వేయించారు. ఏడు తరాల ఆడపిల్లలు ఆ అంచు మీదికి వచ్చారు. ఇరుకు గడిని వెడల్పు చేయడం నేను జీతం తీసుకుని చేస్తున్న పనే. ఆవిడ అంతకంటే శుభ్రంగా చేశారు. మా పేరు ఆ గుడ్డ మీద మూడు చోట్ల ఉంది.

గుర్రాల తాత పేజీ మా నర్సమ్మకు చదివి వినిపించాను. "వీరికి ఎనమండుగురు కుమార్తెలు. వీరు వర్తకము చేసిరి. వీరికి అశ్వసంపద కలదు."

"సంపదంటే ఎన్ని గుర్రాలు దొరసానీ?"

"ఎన్ని అని ఎవరడిగారు?" అన్నాను నేను. ఆ రోజు గురువారం. అంట్లు ఆమె వంతు.